సరిచేసిన గీతలు

మా ముత్తాతగారికి పర్చూరు చుట్టుపక్కల చూపు ఆనినంత మేర నల్లరేగడి భూములు ఉండేవి. మా తాతగారు ఆ భూముల్లో పండే పత్తి కోసం జిన్నింగు మిల్లు, దాని పక్కనే బేళ్ళు కట్టే ప్రెస్సు పెట్టారు. తాలూకా అధికారులు క్యాంపుకు వస్తే మా వసారాలోనే దిగేవారు. రెండు ఊళ్ళ మధ్య గట్టు తగాదా వస్తే, తాతగారు పొలంలో నిలబడి చేత్తో చూపించిన చోట హద్దురాయి పాతేవారు. ఆ తర్వాత ఎవరూ కోర్టుకు వెళ్ళేవారు కాదు. మా బేళ్ళ మీద గంట బొమ్మ మార్కా ఉండేది. ఆ గంట కనిపిస్తే బొంబాయి వర్తకులు బేలు విప్పకుండానే తీసుకునేవారని మా పెద్దలు చెప్పేవారు. నేను నమ్మాను. ఇప్పటికీ నమ్ముతున్నాను.

ఆ మార్కా వెయ్యడానికి ఒక పద్ధతి ఉండేది. ప్రెస్సులోకి పోసే ముందు తాతగారు దూదిలోకి మోచేతిదాకా చెయ్యి పెట్టి చూసేవారు. చూసి, చెయ్యి తుడుచుకుని, తల ఊపితేనే ఆ బేలుకు మార్కా. అప్పుడు మార్కా వేసే మనిషి ఇత్తడి అచ్చు పలకను గోనె మీద ఆనించి నల్లసిరా అద్దేవాడు. తాతగారు పోయాక చెయ్యి పెట్టి చూసే పని ఎవరూ పెట్టుకోలేదు. మార్కా మాత్రం పడుతూనే ఉంది. నీళ్ళు చల్లి బరువు పెంచిన పత్తి మీదా అదే గంట, గింజ మిగిలిన పత్తి మీదా అదే గంట. అది ఎవరి హయాంలో అన్నది ఇక్కడ రాయను. వాళ్ళిప్పుడు లేరు, నేను వాళ్ళ రక్తాన్నే. కొన్నేళ్ళకు మా గంట కనిపిస్తే వర్తకులు ఆ బేలునే ముందుగా విప్పడం మొదలుపెట్టారు. ఆ తర్వాత మిల్లు ఎక్కువ కాలం నడవలేదు.

నేను గుంటూరు చేరి ఫిజిక్సు చదువుకుని, పై చదువు వేరే ఊళ్ళో పూర్తిచేసి, తిరిగి గుంటూరులోనే ఒక క్యాన్సరు ఆసుపత్రిలో రేడియేషన్ ఫిజిసిస్టుగా చేరాను. అక్కడే రిటైరయ్యాను. ఈ వృత్తిలోకి కొత్తగా వస్తున్న మీకు పుస్తకాల్లో దొరకని ఒక్క సంగతి చెప్పాలని ఇది రాస్తున్నాను.

మన పని ఏమిటో బయటివాళ్ళకు తెలియదు. రేడియేషన్ ఎంత ఇవ్వాలో, ఒంట్లో ఏ చోట ఇవ్వాలో డాక్టరు నిర్ణయిస్తారు. మిషన్ సరిగ్గా అంతే ఇస్తోందని, సరిగ్గా అక్కడే ఇస్తోందని చూసి పూచీ పడటం మన పని. మా జిల్లాల్లో దీన్ని రేడియేషన్ అనరు, కరెంటు పెట్టించుకోవడం అంటారు. రోజూ పొద్దున్నే రోగులు రాకముందు నేను మిషన్ గదిలోకి వెళ్ళి, కొలిచే పరికరం పెట్టి, కరెంటు ఎంత వస్తోందో చూసేవాణ్ణి. గోడల మీద నుంచి వచ్చే ఎర్రటి లేజరు గీతలు బల్ల మీద ఒకే చోట కలుస్తున్నాయా లేదా చూసేవాణ్ణి. వెంట్రుకవాసి తేడా కనిపించినా ఆ తేడా పోయేదాకా ఎవర్నీ లోపలికి రానిచ్చేవాణ్ణి కాదు. నేను కుర్చీలో వెనక్కి వాలి కూర్చోవడం ఎవరూ చూడలేదు. వెనకాల నన్ను జమీందారు అనేవారని తెలుసు. మేము జమీందార్లం కాదు, మిల్లు యజమానులం. ఆ తేడా వాళ్ళకు వివరించడం నా గౌరవానికి తక్కువ అనుకున్నాను.

ఇక గీతల సంగతి. రోగికి మొదట స్కానింగు తీసినప్పుడు ఒంటి మీద మూడు చోట్ల, ముందు ఒకటి, రెండు పక్కలా ఒక్కొక్కటి, ప్లస్సు ఆకారంలో సిరాతో గుర్తులు పెడతారు. తర్వాత రోజూ ఆ గుర్తుల మీద లేజరు గీతలు పడేలా రోగిని పడుకోబెడితే లోపలి జబ్బు ఉన్న చోటు మిషన్‌కు సరిగ్గా ఎదురవుతుంది. మిగతా హంగులన్నీ కోట్ల విలువ చేసేవే గాని, చివరికి పని నిలబడేది ఆ సిరా గుర్తు మీదే. గుంటూరు ఎండల్లో ఆ సిరా నిలబడదు. చెమటకు పోతుంది, స్నానానికి పోతుంది, చీరె రాపిడికి పోతుంది. పోతే మళ్ళీ స్కానింగు నుంచి మొదలుపెట్టాలి. అందుకని గుర్తులు పెట్టి మిషన్ నడిపే మా టెక్నాలజిస్టు ప్రతి రోగినీ గట్టిగా హెచ్చరించేది. ఆమె బాపట్ల వైపు అమ్మాయి, తండ్రి చర్చి బడిలో పంతులు. పని మీద శ్రద్ధ ఎక్కువ, గొంతు ఇంకా ఎక్కువ.

"గీతలు చెరిపేసుకుని వచ్చారంటే మళ్ళీ మొదటికొస్తుంది. వారం రోజులు ఇంట్లో కూర్చోవాలి. నా తప్పు కాదు, ముందే చెప్తన్నా" అని హాల్లో అందరికీ వినబడేలా అనేది. ఆ మాటకు జనం నిజంగా భయపడేవారు. అది మంచిదే అనుకున్నాం.

ఆ వేసవిలో నల్లపాడు నుంచి ఒకావిడ వచ్చేది. నడి వయసు. కుడి తుంటి పైన, లోపలి కండరంలో గడ్డ వస్తే ఆపరేషన్ చేసి తీసేశారు. మిగిలిన వేళ్ళేమైనా ఉంటే అవి మళ్ళీ మొలవకుండా ఆ చోట రేడియేషన్ పెట్టాలి. పక్కనే పేగు ఉంది, దానికి తగలకూడదు. ఆపరేషన్ నొప్పి వల్ల ఆవిడ వెల్లకిలా తిన్నగా పడుకోలేకపోయేది. నడుము కొంచెం ఒక పక్కకు తిరిగే ఉండేది. అలాగే దిండు పెట్టి, అలాగే స్కానింగు తీసి, అలాగే గుర్తులు పెట్టాం. దాంతో ముందు గుర్తు బొడ్డుకు సూటిగా రాలేదు, కుడికి జరిగింది. పక్క గుర్తులు ఒకటి పైకి, ఒకటి కిందకి పడ్డాయి. చూడటానికి వికారంగా ఉన్నా అవే సరైనవి.

ఆవిడ భర్త మిర్చి యార్డులో టిక్కీల మీద, అంటే మిరపకాయల బస్తాల మీద, వ్యాపారుల మార్కాలు, నంబర్లు వేసే మనిషి. వాళ్ళది తరతరాలుగా దూది ఏకిన ముస్లిం కుటుంబం. ఇంట్లో మాట్లాడేది తెలుగే. ఎండాకాలం యార్డుకు సెలవులు కాబట్టి రోజూ భార్య వెంట వచ్చి, హాల్లో గోడకు ఆనుకోకుండా నిలబడేవాడు. కూర్చోమన్నా కూర్చునేవాడు కాదు.

నాలుగైదు రోజులు గడిచాక టెక్నాలజిస్టు ఒక విషయం గమనించింది. అందరి గీతలూ చెదిరిపోతుంటే ఈవిడ గీతలు మాత్రం నిన్న గీసినట్టు నల్లగా, స్పష్టంగా ఉన్నాయి.

"చూడండమ్మా ఈవిడ్ని చూసి నేర్చుకోండి" అని హాల్లో ఆవిడ్ని నిలబెట్టి మిగతావాళ్ళకు చెప్పింది. "ఎంత జాగ్రత్తగా కాపాడుకుంటందో! మీరున్నారు, ఒళ్ళు తోముకోకపోతే నిద్రపట్టదు."

నేను కూడా అటు వెళుతూ ఆవిడ వైపు చూసి మెచ్చుకోలుగా తల ఊపాను. తాతగారిలా చెయ్యి పెట్టి చూశాకే ఊపి ఉండాల్సింది. ఊరికే ఊపాను.

ఇంకో మార్పు కూడా వచ్చింది. ఇదివరకు ఆవిడను బల్ల మీద కుదర్చడానికి చాలాసేపు పట్టేది. ఇప్పుడు పడుకోబెట్టగానే ఎర్రగీతలు మూడు గుర్తుల మీదా చక్కగా వచ్చి కూర్చుంటున్నాయి. బల్ల ఎత్తు అంకెల్లో కొంచెం తేడా కనిపించింది గాని, మనిషి చిక్కిపోయింది కదా, అందుకే అయి ఉంటుంది అనుకున్నారు. ఇక్కడ ఆగి ఒక మాట చెబుతాను. కష్టంగా సాగే పని ఉన్నట్టుండి సుఖంగా సాగితే సంతోషించకండి. ముందు కారణం కనుక్కోండి.

వారానికోసారి రోగిని బల్ల మీద పెట్టి, అదే మిషన్‌తో ఎక్స్‌రే లాంటి బొమ్మ తీసి, మొదటి స్కానింగు బొమ్మతో పోల్చి చూడటం మా పద్ధతి. ఆ సోమవారం ఆవిడ బొమ్మ తీశారు. టెక్నాలజిస్టు నా గదికి పరుగెత్తుకుంటూ వచ్చింది.

"సార్, ఒకసారి రండి. ఎముకలు కలవట్లేదు."

వెళ్ళి చూశాను. తుంటి ఎముక ఉండాల్సిన చోటు నుంచి బొటనవేలు వెడల్పున పక్కకు జరిగి, కొంచెం తిరిగి ఉంది. మా లెక్కలో అది చాలా దూరం. డాక్టరుగారిని పిలిచాం. ఆయన మంచి వైద్యుడు, కోపం మాత్రం ముక్కు మీదే ఉంటుంది.

"ఏమ్మా, పేషెంటుని పడుకోబెట్టడం కూడా మర్చిపోయావా?"

"గీతల మీదే పెట్టానండి. అనుమానం ఉంటే లోపలికొచ్చి మీరే చూడండి."

"గీతల మీద పెడితే ఎముక అక్కడికెలా పోయింది? నడిచిపోయిందా?" అని నా వైపు తిరిగారు. "మీ లేజర్లు సరిగ్గా ఉన్నాయా?"

"పొద్దున చూశాను."

"మళ్ళీ చూడండి."

ఆ మాట నాకు చెంపదెబ్బలా తగిలింది. నేను పొద్దున చూశానంటే చూసినట్టే. అయినా ఆయన అడిగింది న్యాయమైన ప్రశ్న. ఎక్కడ తేడా ఉందో తెలియకుండా ఆ మిషన్ మీద ఇంకొకర్ని పడుకోబెట్టకూడదు. ఆ పూటకు మిషన్ ఆపించాను.

హాలు నిండా జనం. వేటపాలెంలో జీడిపప్పు ఫ్యాక్టరీ పనికి సెలవు పెట్టి వచ్చిన ఒకావిడ గుమ్మం దగ్గరికొచ్చి నిలదీసింది.

"ఏందండీ ఇది? చీకటితో లేచి రైలెక్కి వచ్చినాం. మీ మిషనుక్కూడా సోమవారం ఉపవాసమా?"

"సరిచూస్తున్నామమ్మా. కాసేపాగండి."

"ఇన్నాళ్ళూ చూడకుండానే పెట్టారా అయితే?"

లోపలికి వెళ్ళి తలుపు వేసుకున్నాను. లేజర్లు, బల్ల, కరెంటు మోతాదు, మిషన్ తల తిరిగే ఇరుసు, అన్నీ మొదటి నుంచి కొలిచాను. ఎక్కడా తేడా లేదు. అంతకుముందు బొమ్మ తీసిన ఇద్దరు రోగుల ఎముకలు ఉండాల్సిన చోటే ఉన్నాయి. నిజం చెప్పాలంటే ఆ క్షణంలో నాకు ఊరట కలిగింది. నా మిషన్ తప్పు కాదని. వెంటనే ఆ ఊరటకు సిగ్గుపడ్డాను. మిషన్ తప్పు కాకపోతే మరి ఆవిడకు ఇన్ని రోజులూ కరెంటు ఎక్కడ పెట్టినట్టు?

ఆవిడను మళ్ళీ బల్ల మీద పడుకోబెట్టాం. ఈసారి లేజరు వైపు కాదు, గీతల వైపే చూశాను. టెక్నాలజిస్టు దీపం దగ్గరగా పట్టుకుంది. చాలాసేపు చూసి, మెల్లగా అంది.

"ఇది నా చెయ్యి కాదు సార్."

ఆమె గీసే ప్లస్సు కొసలు పలచబడి తోకలు వస్తాయి. వీటి కొసలు కత్తితో కోసినట్టు చదరంగా ఉన్నాయి. మూడూ ఒకే కొలత. ఎక్కడా వణుకు లేదు. అలాంటి అంచు చేత్తో గీస్తే రాదు. అచ్చు పలక ఆనించి సిరా అద్దితే వస్తుంది. చిన్నప్పుడు ప్రెస్సు ఆవరణలో అలాంటి అంచులు నేను వేలకొద్దీ చూశాను.

"ఈవిడ భర్తను లోపలికి పిలవండి" అన్నాను.

భర్త వచ్చి చేతులు కట్టుకుని నిలబడ్డాడు. నేను ఎవరినైనా మీరు అనే మాట్లాడతాను. అతనికి అది ఇబ్బందిగా ఉన్నట్టుంది.

"ఈ గీతలు ఎవరు గీశారు?"

అతను టెక్నాలజిస్టు వైపు చూశాడు. "అమ్మగారే గదండీ."

"మొదట ఆవిడే. తర్వాత?"

"చెరిగిపోతంటే కాస్త దిద్దానండి. మళ్ళీ మొదటికొస్తదని అమ్మగారు అంటంటే విన్నా. మా ఆడమనిషి అప్పటికే సగమైపోయింది, ఇంకో వారం ఇంట్లో కూర్చోబెడితే ఏమవుద్దోనని."

"దిద్దారా? జరిపారా?"

"జరపటమేందండీ!" అతని ముఖంలో మొదటిసారి పౌరుషం కనిపించింది. "వంకరగా ఉంటే సరిచేశానండి. ఈ పక్కది పైకుంది, ఆ పక్కది కిందకుంది. ముందుదేమో నడిమిట్లో లేదు. ఇంత పెద్ద ఆసుపత్రి, అంత పెద్ద మిషను, గీతలు చూస్తే చిన్నపిల్లలు గీసినట్టున్నయ్యి. దారం పట్టి, బొడ్డు కాణ్ణించి రెండేపులా సమానంగా కొలిచి వేశా. యార్డులో ఇరవై ఏళ్ళుగా వేస్తన్నా. నా మార్కా వంకరపోయిందని ఒక్క షావుకారు అనలేదు."

"చిన్నపిల్లలు గీసినట్టున్నాయా!" అంది టెక్నాలజిస్టు. ఆమెకు ఏడుపు, నవ్వు రెండూ వస్తున్నాయి.

అతను సంచిలోంచి అచ్చు తీసి చూపించాడు. భార్యకు ఆపరేషన్‌కు ముందు తీసిన పాత ఎక్స్‌రే ఫిల్మును చదరంగా కత్తిరించి, మధ్యలో ప్లస్సు కోసుకున్నాడు. సిరా యార్డుదే. చెమటకు పోదు.

బల్ల మీద నుంచి ఆవిడ గొంతు వినిపించింది. "నే చెప్తానే ఉన్నానండీ, డాట్రుగారు పెట్టినవి ముట్టుకోవద్దని. వింటేనా! నన్నుగూడా మిరగాయల టిక్కీ అనుకున్నాడు."

ఎవరూ నవ్వలేదు. ఆవిడే మళ్ళీ అడిగింది.

"అయితే ఇన్నాళ్ళూ పెట్టిన కరెంటంతా పోయినట్టేనా సార్?"

ఆ గదిలో అసలు ప్రశ్న అదొక్కటే. డాక్టరుగారు, నేను కంప్యూటరు ముందు కూర్చున్నాం. ఆ బొమ్మ ప్రకారం జరిగిన దూరం లెక్కలోకి తీసుకుని, ఆ రోజుల్లో ఏ భాగానికి ఎంత అందిందో మళ్ళీ లెక్క కట్టాం. గడ్డ తీసిన చోట ఒక అంచుకు అందవలసినంత అందలేదు. పేగుకు అక్కరలేనిది కొంత అందింది. ప్రమాదకరం కాదు, కానీ పట్టించుకోకుండా వదిలేసేదీ కాదు. వారానికోసారి తీసే బొమ్మ ఆ తప్పును పట్టుకుంది కాబట్టి అక్కడికి ఆగింది. ఆ బొమ్మ తీసే పద్ధతే లేకపోతే ఆ చక్కని గీతల మీద చివరిదాకా పెట్టి, బాగా జరిగిందని సంతోషించేవాళ్ళం.

డాక్టరుగారు వచ్చి ఆవిడకు అంతా చెప్పారు. కోపం పోయింది ఆయనకు.

"పోలేదమ్మా. కొంత తక్కువైంది. ఆ తక్కువ పూడ్చడానికి కొన్ని రోజులు పెంచుతాను. కొత్తగా స్కానింగు తీసి మళ్ళీ గుర్తులు పెడతాం."

"మళ్ళీ చెరగకుండా పచ్చబొట్టు చుక్కలు పెట్టేద్దామా సార్?" అంది టెక్నాలజిస్టు. అప్పుడప్పుడే కొన్ని ఆసుపత్రుల్లో అలా చేస్తున్నారు.

"మాకు పచ్చబొట్టు కూడదమ్మా" అంది ఆవిడ.

"ఆవగింజంత చుక్కమ్మా" అన్నారు డాక్టరుగారు.

"ఆవగింజంతైనా పచ్చబొట్టే గదండీ. ఈ ఒళ్ళు అల్లాకు తిరిగి ఒప్పజెప్పాల్సినోళ్ళం."

డాక్టరుగారు నా వైపు చూశారు. ఆవిడ ఎందుకు ఒప్పుకోదో నాకు అర్థమైంది. మనిషికి మిగిలినవన్నీ ఒకదాని తర్వాత ఒకటి పోతున్నప్పుడు, ఇవ్వనని చెప్పగలిగింది ఒకటి ఉండాలి. గుర్తుల మీద పారదర్శకంగా ఉండే ప్లాస్టరు అంటిస్తే సరిపోతుందని, అది రోజూ నేనే చూస్తానని చెప్పాను.

ఈ సంఘటన గురించి రాతపూర్వకంగా పైకి తెలియజేయాలి. రోగి తరఫువారు గుర్తులు మార్చారు అని రాస్తే సరిపోతుంది కదా అన్నారు ఒకరిద్దరు. అది అబద్ధం కాదు. కానీ మేము అతనికి చెరపవద్దన్నాం, దిద్దవద్దని ఎప్పుడూ అనలేదు. గీతలు ఎందుకు వంకరగా ఉన్నాయో ఒక్కరికీ చెప్పలేదు. అందమైన మార్కా కనిపిస్తే దాన్నే నలుగురికీ ఆదర్శంగా చూపించాం. అదంతా రాసి సంతకం చేశాను.

మరునాడు కొత్త గుర్తులు పెట్టేటప్పుడు భర్తను కంట్రోలు గదిలోకి తీసుకువెళ్ళి తెర మీద బొమ్మ చూపించాను.

"ఇది మీ ఆవిడ తుంటి ఎముక. గడ్డ తీసిన చోటు ఇది. నొప్పి వల్ల ఆవిడ నడుము తిరిగి పడుకుంటుంది. గోడ మీద నుంచి వచ్చే ఎర్రగీత ఎప్పుడూ తిన్నగానే ఉంటుంది. తిరిగి ఉన్న ఒంటి మీద పడ్డప్పుడు గుర్తు వంకరగా కనిపిస్తుంది. మాకు కావలసింది బయట ఒళ్ళు కాదు, లోపలి చోటు."

అతను తెర వైపు చాలాసేపు చూశాడు.

"అంటే బేలు లోపల సరుకు ఏ మూలనుందో చూసి, దానికి ఎదురుగా మార్కా వేశారన్నమాట. బేలు నడిమిట్లో కాదు."

"అవును. బేలు అంటున్నారు, మీది మిర్చి పని కదా?"

"నాది మిర్చేనండి. మా నాయన బేళ్ళకేసేవాడు, పర్చూరు కాడ గంట మార్కా మిల్లులో. పెద్దాయన దూదిలో చెయ్యి పెట్టి తల ఊపిందాకా మా నాయన అచ్చు ముట్టేవాడు కాదంట. ఈ పని ఆయన దగ్గరే నేర్చుకున్నా." నా వైపు తిరిగి అడిగాడు. "తమరిది ఏ ఊరండీ?"

అబద్ధం చెప్పడం నాకు చేతకాదు. ఊరి పేరు చెప్పాను. అతను నన్ను ఎగాదిగా చూసి, కట్టుకున్న చేతులు వదిలేశాడు.

"గంట మార్కా వారాండీ! చినబాబుగారా! నన్ను మీరు అంటన్నారేందండీ, కళ్ళు పోతాయి నాకు."

"ఇక్కడ ఆ మాట ఎవరికీ చెప్పకండి" అన్నాను. టెక్నాలజిస్టు మరీ శ్రద్ధగా తెర వైపు చూస్తోంది కాబట్టి ఆమె మొత్తం విన్నదని అర్థమైంది. ఆ తర్వాత నన్ను వెనకాల జమీందారు అనడం మానేశారు. గంటసారు అన్నారు.

ఆవిడకు పెంచిన రోజులతో కలిపి చికిత్స పూర్తయింది. నేను మాట ఇచ్చినట్టే రోజూ గుర్తులు చూశాను. అతను వాటిని తాకలేదు. తన ఎక్స్‌రే ఫిల్ము అచ్చును టెక్నాలజిస్టుకు ఇచ్చేశాడు. కొత్త రోగి రాగానే ఆమె వెంట వచ్చినవాళ్ళను కంట్రోలు గదిలోకి పిలిచి, ఆ అచ్చు చూపించి, గీతలు వంకరగా ఎందుకుంటాయో చెప్పేది. మొదటి రోజే గుర్తులకు ఫోటో తీసి, రోజూ దాంతో పోల్చడం మొదలుపెట్టాం. బొమ్మలు కూడా వారానికి ఒకటి కంటే ఎక్కువ తీయించాను. మీరు ఇప్పుడు రోజూ తీస్తున్నారని విన్నాను. తీయండి. కానీ బొమ్మ తీసి చూడకుండా సంతకం పెట్టేవాళ్ళు కూడా ఉన్నారని విన్నాను.

నేను రిటైరు కావడానికి కొద్ది నెలల ముందు, ఒక మధ్యాహ్నం అతను ఒక్కడే వచ్చాడు. యార్డు నుంచి తిన్నగా వచ్చినట్టున్నాడు, చొక్కా నుంచి మిరప ఘాటు కొడుతోంది. గుమ్మంలోనే నిలబడ్డాడు.

"మనిషి పోయింది బాబూ. ఊపిరితిత్తుల్లోకి వచ్చిందన్నారు. మొన్ననే అన్నీ అయిపోయినయ్యి."

నేను లేచి నిలబడ్డాను.

"ఒక్క మాట అడగాలని వచ్చా. ఇంకెవర్నడిగినా ఊరడించటానికి చెప్తారు. తమరు నిజమే చెప్పండి. నా గీత వల్లేనా?"

కాదని వెంటనే అనవచ్చు. ఆ స్థితిలో ఉన్న మనిషికి ఎవరైనా అలాగే అంటారు. నేను అనలేదు.

"కూర్చోండి. చూసి చెబుతాను."

మొదటిసారి అతను కుర్చీలో కూర్చున్నాడు. నేను ఆవిడ పాత స్కానులు, చివరి స్కాను, మేము సరిచేసి వేసిన లెక్కలు అన్నీ తెర మీదికి తెప్పించాను. డాక్టరుగారిని పిలిచి పక్కన కూర్చోబెట్టుకుని, ఒక్కొక్క పొరా వదలకుండా చూశాం. అంతసేపూ అతను నా ముఖం వైపే చూస్తున్నాడు. చూడటం పూర్తయ్యాక అతని వైపు తిరిగాను.

"మనం కరెంటు పెట్టిన చోట ఏమీ లేదు. తక్కువ అందిందని భయపడ్డ ఆ అంచులో కూడా లేదు. చివరి స్కానులో కూడా ఆ చోటంతా శుభ్రంగా ఉంది. జబ్బు మొలిచింది ఊపిరితిత్తుల్లో. ఆ విత్తనాలు ఆపరేషన్‌కు ముందే రక్తంలో పోయి ఉంటాయని డాక్టరుగారి మాట. మీ గీత వల్ల కాదు."

"చూసే చెప్తన్నారా?"

"చూసే చెబుతున్నాను."

అతను రెండు చేతులతో ముఖం తుడుచుకున్నాడు. డాక్టరుగారు అతని భుజం మీద చెయ్యి వేసి, తన పనికి వెళ్ళారు. తర్వాత అతను లేచి, గుమ్మం దాకా వెళ్ళి, ఆగి వెనక్కి తిరిగాడు.

"ఆ గంట అచ్చు ఉందా బాబూ ఇంకా? మా నాయన చేతిదది. ఉంటే ఒక్కసారి చూసిపోదామని."

మిల్లు యంత్రాలు అమ్మిన రోజున ఆ ఇత్తడి అచ్చును కూడా చీరాల నుంచి వచ్చిన పాతసామాన్ల వ్యాపారికి తూకానికి అమ్మేశామని చెప్పాను.